పల్లవి ఊరిది, రికార్డింగు మీది

ప్రశ్న: లాయరు గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. నేనూ నా స్నేహితుడూ కలిసి చిన్న ఆడియో సంస్థ నడుపుతున్నాం. తప్పెటగుళ్లు, జముకుల కథ, పెళ్లిపాటలు మన కళాకారుల చేతే పాడించి, స్టూడియోలో రికార్డు చేసి యూట్యూబులోనూ పాటల యాప్‌లలోనూ పెడతాం. పోయిన సంక్రాంతికి వేసిన ఒక పాట బాగా నడిచింది. పల్లవి మా పెద్దల కాలం నుంచి ఉన్నదే. చరణాలు మాత్రం మా ఊరి మాస్టారొకరు కొత్తగా రాశారు. ఇప్పుడు వేరే ఛానెల్ వాళ్లు మా ఆడియోనే తీసుకుని, స్పీడు కాస్త పెంచి, వేరే బొమ్మలతో పెట్టేశారు. అడిగితే "జానపదం ఎవుడి సొత్తు? కింద మీ పేరు రాశాం కదా" అంటున్నారు. ఇంకో బృందం అదే పాట మళ్లీ పాడి పెట్టింది. టౌన్లో సెల్ షాపులవాళ్లు మెమరీ కార్డుల్లో ఎక్కించి అమ్ముకుంటున్నారు. డీజేల సంగతి సరేసరి. మాస్టారికీ పాడినవాళ్లకీ డబ్బులిచ్చాం గానీ కాగితం ఏదీ రాసుకోలేదు. కాపీరైటు రిజిస్ట్రేషను కూడా లేదు. మమ్మల్ని ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: "ఎవుడి సొత్తు" అన్నవాళ్ల మాటలో సగం నిజముంది. ఆ సగం ముందే ఒప్పుకుంటే మిగతా సగం మీద మీరు గట్టిగా నిలబడగలరు.

తరతరాలుగా నోటినోటా వచ్చిన పల్లవి మీద, దాని వరస మీద ఎవరికీ కాపీరైటు లేదు. మీకూ లేదు. అయితే 1957 నాటి కాపీరైటు చట్టం సాహిత్యాన్ని, బాణీని, రికార్డింగును వేటికవే మూడు హక్కులుగా చూస్తుంది. రికార్డింగుకు చొరవ తీసుకుని, బాధ్యత మోసినవారే దాని నిర్మాత, దానికి మొదటి యజమాని. కళాకారులను పిలిపించి, స్టూడియో అద్దె కట్టి, పని పూర్తి చేయించింది మీరిద్దరూ కాబట్టి ఆ ధ్వని మీది. లోపల ఉన్న పల్లవి ఎంత పాతదైనా సరే. పాట విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. మిక్సింగు చేసినందుకు స్టూడియో ఆయనకు అందులో వాటా రాదు.

కాబట్టి ఆ ఛానెల్ చేసింది ఉల్లంఘనే. స్పీడు పెంచినా, శ్రుతి మార్చినా, బొమ్మలు వేరే పెట్టినా అది మీ రికార్డింగుకు నకలే. కింద పేరు రాయడం అనుమతి తీసుకోవడం కాదు. 30 సెకన్ల లోపు వాడుకుంటే తప్పు లేదని చాలామంది నమ్ముతారు. మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు.

ఇక్కడ అందరికీ పనికొచ్చే మాట ఒకటి. మన వైపు ఎవరు రాశారో తెలిసిన పాటను కూడా జనం జానపదమే అనేస్తారు. వంగపండు ప్రసాదరావు గారు 2020లో కన్నుమూశారు. ఆయన సొంతంగా రాసిన పాటల సాహిత్యానికి 2080 చివరి దాకా రక్షణ ఉంది, ఊరూరా పాడుకుంటున్నా సరే. మీ జిల్లావారే అయిన గరిమెళ్ల సత్యనారాయణ గారు 1952లో పోయారు. ఆయన బతికుండగా వెలువడిన గీతాల హక్కు 2012తో ముగిసింది, వాటిని ఎవరైనా పాడి రికార్డు చేసుకోవచ్చు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అన్నది లెక్క. కొత్త పాట ఎత్తుకునే ముందు ఇది మీరూ చూసుకోండి. రేపు మీ మీదే నోటీసు రాకూడదు.

రెండో బృందం సంగతి వేరు. వాళ్లు మీ ఆడియో వాడలేదు, సొంత గొంతులతో పాడుకున్నారు. రికార్డింగు హక్కు ఆ ధ్వనికే పరిమితం. మళ్లీ పాడడాన్ని అది ఆపలేదు. పల్లవి వాళ్లకూ స్వేచ్ఛే. కానీ చరణాలు మాస్టారివి. మొదటి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ల లోపు హక్కుదారు అనుమతి లేకుండా వాటిని మళ్లీ రికార్డు చేయడానికి వీల్లేదు. ఐదేళ్లు దాటాక కూడా ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ కట్టాకే కవర్ వెర్షన్ చేయాలి. మరి ఈ రోజున ఆ హక్కుదారు ఎవరు? మీరు కాదు, మాస్టారే. డబ్బు చేతికిచ్చినంత మాత్రాన సాహిత్యం హక్కు చేతులు మారదు. రాతపూర్వకంగా ఉండాలి, దాని మీద ఇచ్చినవారి సంతకం ఉండాలి. అది లేకుండా చరణాల పేరుతో మీరు ఆ బృందానికి నోటీసు పంపితే, పంపడానికి మీరెవరని వాళ్లు అడగగలరు. ఆధారం లేని బెదిరింపు మీద ఎదురు దావా వేసే అవకాశం కూడా చట్టం వాళ్లకిచ్చింది.

అందుకే నకలు కొట్టినవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు మాస్టారి ఇంటికి వెళ్లండి. ఏ పాట, ఏయే హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి పేరుపేరునా రాయించండి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ పాట గల్ఫులో ఉన్న మనవాళ్లూ వింటున్నారు కదా, "ప్రపంచమంతటా" అన్న మాట అందులో ఉండాలి. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది వెనక్కి పోతుంది, వేరేగా రాసుకుంటే తప్ప. ఇంకో సంగతి: 2012 సవరణ తర్వాత గీతరచయితకూ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది. "ఇకపై నాకే హక్కూ లేదు" అని మాస్టారి చేత రాయించుకున్నా ఆ వాటా విషయంలో ఆ వాక్యం చెల్లదు. చెల్లకూడదు కూడా. ఆయన చరణాలే లేకపోతే మీ పాటకు, ఊళ్లో అందరూ పాడుకునే పల్లవికి తేడా ఏముంది? ఎంత వస్తే ఎంత ఇస్తారో లెక్క రాసి, ఆరు నెలలకోసారి ఆయనకు చూపించండి.

ఇప్పుడు రాసే కాగితానికి సంక్రాంతి నాటి తేదీ మాత్రం వేయకండి. అలా చేస్తే మంచి కేసు అక్కడే పాడవుతుంది. నేటి తేదీ వేసి, అప్పట్లో నోటిమాటగా ఏం అనుకున్నారో, ఎంత ఇచ్చారో అందులోనే చెప్పించండి. ఫోన్‌పే, బ్యాంకు చెల్లింపుల వివరాలు జతచేయండి.

పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ప్రదర్శకుల హక్కు ఉంది, అది 50 ఏళ్లు. తప్పెటగుళ్ల బృందంలో గురువు ఒక్కరే సంతకం చేస్తే మిగతావాళ్ల అంగీకారం వచ్చినట్టు కాదు. ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకోండి. చదువు రానివారికి తెలుగులో చదివి వినిపించి, ఆ సంగతీ అందులో రాసి, సాక్షి ముందు వేలిముద్ర వేయించండి. వాణిజ్యపరమైన వాడకానికి వాళ్లకూ రాయల్టీ అర్హత ఉందని మరవకండి. కళాకారుల దగ్గర కాగితం తీసుకోని సంస్థ, తన పాట పోయిందని కోర్టుకెక్కడం నాకు బాధగా ఉంటుంది. రెండు చోట్లా లేనిది అనుమతే కదా.

రికార్డింగు విషయంలో మాత్రం ఆ కాగితాల కోసం ఆగక్కర్లేదు. ముందు సాక్ష్యం భద్రం చేయండి: ఆ వీడియో లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగు, మీ దగ్గరున్న అసలు ట్రాకులు, స్టూడియో బిల్లు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాతే ఫిర్యాదు. సాక్ష్యం తీయకముందే ఫిర్యాదు చేస్తే వీడియో మాయమవుతుంది, వ్యూస్ లెక్క కూడా దానితోనే పోతుంది.

యూట్యూబులో కాపీరైటు తొలగింపు ఫారం మీరే నింపొచ్చు. అవతలివారు ప్రతివాదం పంపితే 10 పనిదినాల్లో మీరు చట్టపరమైన చర్య మొదలుపెట్టినట్టు ఆధారం చూపాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) పడితే ఛానెల్ పోవచ్చు. మన కాపీరైటు నిబంధనల ప్రకారం కూడా రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో యూట్యూబు లాంటి మధ్యవర్తి సంస్థ ఆ ప్రసారాన్ని ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్లీ తెరవొచ్చు. మీ పాటలు పంపిణీ చేసే సంస్థ కంటెంట్ ఐడీలో (నకళ్లను యూట్యూబు తానే పట్టుకునే వ్యవస్థ) పాట చేర్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఊరందరి బాణీని మీ ఒక్కరిదని నమోదు చేయిస్తే, అదే పల్లవి సొంతంగా పాడుకున్న పేద బృందాల వీడియోల మీద క్లెయిము పడుతుంది. అది అన్యాయం, పైగా మీ ఖాతాకే ప్రమాదం.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే హైదరాబాదో ముంబయో తిరగక్కర్లేదు. కాపీరైటు దావా వేసినవారు ఎక్కడ నివసిస్తున్నారో, ఎక్కడ వ్యాపారం చేస్తున్నారో ఆ ప్రాంతపు జిల్లా కోర్టులోనే వేసే వీలు కాపీరైటు చట్టం 62వ సెక్షన్ ఇచ్చింది. దావా విలువ 3 లక్షలు, ఆపైన అయితే వాణిజ్య వివాదం కింద నడుస్తుంది. అప్పుడు మీ జిల్లాకు ఏ కోర్టును నోటిఫై చేశారో మీ న్యాయవాది చూసుకోవాలి. తాత్కాలిక నిషేధ ఉత్తర్వు అత్యవసరమైతే తప్ప ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ ఛానెల్ సంపాదించిన లాభం లెక్క గానీ, నష్టపరిహారం గానీ అడగొచ్చు. గడువు మూడేళ్లు. మీ ఇద్దరి భాగస్వామ్యం రిజిస్టరు కాకపోయినా ఈ దావాకు అడ్డు లేదు, ఎందుకంటే ఇది చట్టమిచ్చిన హక్కు. పంపిణీదారు ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే, దాని మీద వేసే దావాకు మాత్రం అడ్డు వస్తుంది కనుక రిజిస్టరు చేయించడం మంచిది.

కాపీరైటు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అది లేదని మీ హక్కు పోదు. ఉంటే కోర్టులో ప్రాథమిక సాక్ష్యం. రికార్డింగుకు ఫీజు 2,000 రూపాయలు. పాటలో హక్కులున్న ఇతరుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం అడుగుతారు, అక్కడా మాస్టారి కాగితమే కావాలి.

సెల్ షాపులవాళ్లు చేస్తున్నది నేరమే. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా నెలకు నాలుగు కార్డులు ఎక్కించే కుర్రాడి మీదకు మొదటే పోలీసులను పంపమని నేను చెప్పను. నోటీసిచ్చి, ఆగకపోతే అప్పుడు చూడండి. పెద్ద ఎత్తున పెన్‌డ్రైవులు చేసి షాపులకు సరఫరా చేసే మనిషి ఉంటాడు, ఫిర్యాదు అతని మీద పెట్టండి. డీజేల విషయంలో పెళ్లి ఊరేగింపునూ, నిజమైన మతపరమైన వేడుకనూ చట్టమే మినహాయించింది. అక్కడ మీ పాట మోగితే సంతోషించండి. టికెట్టు పెట్టి నడిపే కార్యక్రమాలకు ఆ మినహాయింపు లేదు.

అదే షాపులకు మీరే పెన్‌డ్రైవులు తయారుచేసి ఇస్తే బేరం మీ చేతికి వస్తుంది. అప్పుడు రికార్డింగు చేసినవారి పేరు చిరునామా, హక్కుదారు పేరు చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ప్రతి పెన్‌డ్రైవు మీదా, కవరు మీదా ముద్రించండి. 52ఏ సెక్షన్ అడిగేది అదే. అవి లేకుండా అమ్మితే శిక్షకు గురయ్యేది మీరే.