రంగు పోయింది ప్రెస్సు వేడికా, ఇస్త్రీ వేడికా?

ప్రశ్న: ఒంగోలులో ఇంటి దగ్గరే బట్టలు కుట్టుకుని బతుకుతున్నాను. ఓణీల ఫంక్షన్ ఆర్డరు వస్తే సూరత్ వ్యాపారి దగ్గర వాట్సాప్‌లో మాట్లాడి, డిజిటల్ ప్రింట్ పాలిస్టర్ జార్జెట్ 34,000 రూపాయలకు తెప్పించాను. కుట్టి ఇస్త్రీ చేస్తే ఎర్రపూల రంగు పక్క మడతకు అంటుకుంది. అడిగితే, "ఇస్త్రీ వేడి మీదే, పైగా మీ ఊరి ఎండలకు ఏ రంగూ నిలవదు" అంటున్నాడు. బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంది. ఫంక్షన్ వాళ్లేమో నన్ను పట్టుకున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. ముందు ఒక పని చేయండి. కుట్టగా మిగిలిన గుడ్డను ఉతక్కుండా, ఇస్త్రీ తగలనీయకుండా కవర్లో పెట్టి దాచండి. మీ కేసు బలమంతా ఆ ముక్కలోనే ఉంది. పాడైన లంగాలు చూపిస్తే పాడయ్యాయనే తెలుస్తుంది, ఎవరి వేడికి పాడయ్యాయో తెలియదు.

పాలిస్టర్ మీద ఈ ప్రింటు ఎక్కువగా సబ్లిమేషన్ పద్ధతిలో వేస్తారు. కాగితం మీది రంగు సుమారు 200 డిగ్రీల హీట్ ప్రెస్ కింద ఆవిరై పోగులోకి దిగుతుంది. వేడి చాలకపోయినా, ప్రెస్సు కింద ఉంచే సెకన్లు తగ్గించినా రంగు పైపైనే ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే పూల అంచులు చెదురుతాయి. పాలిస్టర్ అని చెప్పి నూలు కలిసిన గుడ్డ ఇచ్చినా రంగు నిలవదు. ఇవన్నీ అమ్మినవాడి లోపాలే. అయితే బాగా దిగిన రంగు కూడా మితిమీరిన ఇస్త్రీకి మళ్లీ ఆవిరై పక్క మడతకు ఎక్కుతుంది. కరెంటు ఇస్త్రీపెట్టె మీద ఒక చుక్క సుమారు 110, రెండు 150, మూడు 200 డిగ్రీలు. పాలిస్టర్‌కు రెండు చుక్కలు దాటకూడదు. మీరెక్కడ పెట్టారో ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. బండి దగ్గర బొగ్గుల పెట్టెతో చేయించి ఉంటే మాత్రం అవతలి వకీలు అక్కడే పట్టుకుంటాడు.

ఎండల వాదన నన్ను నవ్వించింది. రోహిణి కార్తె ఎండ 45 డిగ్రీలు దాటినా ప్రెస్సు వేడిలో నాలుగో వంతు ఉండదు. నెలల తరబడి ఎండలో ఆరేస్తే రంగు వెలిసిపోవచ్చు కానీ, పక్క మడతకు అంటుకోదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ ముక్కకు సీలు వేసి ప్రయోగశాలకు పంపించగలదు. ఖర్చు ముందు మీరు కట్టాలి. అక్కడ ఐఎస్‌ఓ 105-ఎక్స్11 అనే అంతర్జాతీయ పరీక్ష పద్ధతిలో వేడి పెట్టెతో ఒత్తి, 1 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తారు. 110 దగ్గరే రంగు అంటుకుంటే ఆయనకు చెప్పుకోవడానికేమీ ఉండదు. 200 దగ్గర మాత్రమే అంటుకుంటే మీకు కష్టం.

సూరత్ వెళ్లనక్కర్లేదు, మీరుండే ఒంగోలులోనే వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 'వాపసు లేదు' అన్న మాటకు భయపడకండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడం ఇదే చట్టంలోని 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి.

అసలు చిక్కు వేరే ఉంది. తిరిగి అమ్మడానికి కొన్నవారు ఈ చట్టంలో వినియోగదారులు కారు. స్వయం ఉపాధికి మినహాయింపు ఉన్నా, గుడ్డ మీద లాభం వేసుకుని అమ్మి ఉంటే ఆయన ఈ అభ్యంతరం తప్పక లేవదీస్తాడు. ఫంక్షన్ వాళ్ల డబ్బుతో వాళ్ల కోసమే తెప్పించి ఉంటే, వాళ్లను కూడా ఫిర్యాదుదారులుగా చేర్చడం మేలని నా అభిప్రాయం. అదీ కుదరకపోతే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కింద మూడేళ్లలోగా సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. గుడ్డ కోసేశారు కాబట్టి వాపసు అడగలేరు, నష్టపరిహారమే అడగాలి.

వాట్సాప్ మాటలు చెరపకండి, ఫోను మార్చకండి. అవి కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ముందుగా 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా ఫంక్షన్ వాళ్లకు చేతి డబ్బు ఇవ్వాల్సి వస్తే రసీదు రాయించుకోండి, ఆ మొత్తాన్నీ పరిహారంలో కలిపి అడగొచ్చు.