చదవడం నేర్పే పద్ధతి మారితే

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులో రెండో తరగతి చదువుతోంది. నిరుడు బొమ్మల కథల పుస్తకాలు గడగడా చదివేది. ఈ ఏడు బడిలో ఇంగ్లీషు చదివించే పద్ధతి మార్చి, ఒక్కొక్క అక్షరం ధ్వనినీ పలికి కూడబలుక్కొమ్మంటున్నారు. ఇప్పుడు చిన్న వాక్యానికీ తడుముకుంటోంది. ఇది వెనకడుగు కాదా? బడిలో కన్నడం కూడా ఉంది కనుక ఇంట్లో తెలుగు అక్షరాలు నేర్పడం ఆపమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: తెలుగు ఆపవద్దమ్మా, అమ్మాయి వెనకబడిందనీ అనుకోవద్దు. నిరుడు ఆమె చదివిన దానిలో చాలా భాగం బొమ్మనూ మొదటి అక్షరాన్నీ చూసి ఊహించి చెప్పినదై ఉండవచ్చు. అవే మాటలను బొమ్మలు లేని కాగితం మీద రాసి చదివిస్తే మీకే తెలుస్తుంది. పై తరగతుల్లో బొమ్మలు తగ్గి కొత్త మాటలు పెరిగినప్పుడు ఆ ఊహ అక్కరకు రాదు. ధ్వనులను క్రమపద్ధతిలో నేర్పితే పిల్లలకు మేలు జరుగుతుందని అమెరికాలో జాతీయ పఠన మండలి 2000లోనే తేల్చింది. ఇంగ్లండు 2006లో, చదవడం నేర్పే తీరుపై విద్యా నిపుణుడు జిమ్ రోజ్ ఇచ్చిన నివేదిక వచ్చాక ఈ దారి పట్టింది; అక్కడ 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలచేత ఏడాది చివర 40 మాటలు చదివిస్తున్నారు. వాటిలో సగం అర్థంలేని కల్పిత పదాలు, ఎందుకంటే వాటిని ఊహించి చదవడం సాధ్యం కాదు. కాబట్టి మీ బడి చేసిన మార్పు సరైనదేనని నా నమ్మకం.

తెలుగులోనూ కన్నడంలోనూ ‘క’ ఎక్కడ రాసినా ‘క’గానే పలుకుతుంది, ఇంగ్లీషు ‘సి’ మాత్రం ‘క్యాట్’లో ఒకలా, ‘సిటీ’లో మరొకలా పలుకుతుంది. గుణింతం వచ్చిన పిల్లకు, రాతలోని గుర్తు ఒక ధ్వనికి కట్టుబడి ఉంటుందన్న సంగతి ముందే తెలిసి ఉంటుంది, అది చిన్న లాభం కాదు. అయితే మన అక్షరం హల్లునూ అచ్చునూ కలిపి చూపుతుంది, ఇంగ్లీషు చదవడానికి వాటిని విడదీసి వినగలగాలి. ఆ విడదీత మీరు తెలుగులోనే, నోటితోనే అలవాటు చేయవచ్చు: ‘పాట’లో మొదటి హల్లు తీసేస్తే ‘ఆట’ మిగులుతుంది, అక్కడ ‘మ’ ధ్వని చేరిస్తే ‘మాట’ అవుతుంది. ఇలాంటివి వంట చేస్తూ కూడా అడగవచ్చు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి కనుక తలకట్లు కొన్నాళ్లు తారుమారు కావచ్చు, అందుకు మందలించకండి.

ధ్వనులు వస్తే చాలదు, చదివినది అర్థం కావాలంటే మాటల నిల్వ కూడా ఉండాలి. అందుకు రాత్రిపూట మీరే తెలుగు కథలు చదివి వినిపించండి. ఏ వారం ఏ ధ్వనులు నేర్పుతున్నారో టీచరును అడిగి, నేర్పిన ధ్వనులతోనే చదవగలిగే పుస్తకాలు ఇంటికి ఇమ్మని కోరండి. ఏడాది చివరికి కూడా మూడక్షరాల ఇంగ్లీషు మాటలు కూడబలుక్కోలేకపోతే, ఆలస్యం చేయక చూపు, వినికిడి పరీక్ష చేయించి, ప్రత్యేక శిక్షణ ఉన్న ఉపాధ్యాయులకు చూపించండి.