గేర్‌బాక్స్ మెకట్రానిక్స్ పోయిందంటున్నారు, సెకండ్ హ్యాండ్‌ది వేయించుకోవచ్చా?

ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి రివర్స్ పడకపోవడం, మీటర్‌లో స్పానర్ గుర్తు మెరవడం... మీరు రాసినవన్నీ నా కారూ చేసిందండీ. నాదీ ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లు ఉండే) ఆటోమేటిక్కే. సెకండ్ హ్యాండ్ సంగతి తర్వాత, ముందు ఫాల్ట్ కోడ్ (స్కానర్ పెడితే బండి చూపించే లోపం నంబరు) ప్రింటవుట్ అడిగి తీసుకోండి. ‘మెకట్రానిక్స్ పోయింది’ అన్న ఒక్క మాటకు అంత డబ్బు పెట్టకూడదు.

ఈ గేర్‌బాక్సులో కంట్రోల్ యూనిట్ విడిగా ఉండదు. ఎలక్ట్రానిక్ బోర్డు, సెన్సర్లు, సోలెనాయిడ్లు (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వులు), హైడ్రాలిక్ పంపు అన్నీ కలిపి ఒకటే మెకట్రానిక్స్. అందుకే ఏం పాడైనా మొత్తం మార్చాలంటారు. నాకు వచ్చిన కోడ్ పీ17బీఎఫ్, అంటే పంపు తిరుగుతున్నా ఆయిల్ ప్రెషర్ నిలబడటం లేదని. అలాంటప్పుడు బోర్డు మార్చి లాభం లేదు. అక్యుమ్యులేటర్ (ఆయిల్ ప్రెషర్‌ను నిల్వ ఉంచే డబ్బా) బిగించే చోట మెకట్రానిక్స్ హౌసింగ్, అంటే దాని లోహపు బాడీ, పగిలిందేమో చూడాలి, నా దాంట్లో అదే జరిగింది. సెన్సర్ సిగ్నల్ రావట్లేదనో, కంట్రోల్ యూనిట్ స్కానర్‌కు దొరకట్లేదనో వస్తే అప్పుడు బోర్డును అనుమానించండి. అదీ బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్, కనెక్టర్ పిన్నులు చూశాకే. వోల్టేజీ పడిపోయినా పిచ్చి కోడ్లు చాలా వస్తాయి.

సెకండ్ హ్యాండ్ యూనిట్ నేనైతే వేయించను. పార్ట్ నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు, సాఫ్ట్‌వేర్ కూడా మీ ఇంజిన్‌కు, గేర్ రేషియోలకు సరిపోవాలి. ఇమ్మొబిలైజర్‌తో (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే ఏర్పాటుతో) ముడిపడిన మోడలైతే, కోడింగ్ చేయకపోతే, అంటే స్కానర్‌తో యూనిట్‌ను మీ బండికి జతచేయకపోతే, బండి స్టార్టే కాదు. పైగా ఆ పాత యూనిట్‌లోనూ అదే చోట పగులు మొదలై ఉండొచ్చు. నేను హౌసింగ్ ఒక్కటే కొత్తది వేయించి, నా బోర్డు నాకే ఉంచుకున్నాను. దాంతో కోడింగ్ గొడవ రాలేదు.

ఈ పనికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు. కానీ విప్పేముందు స్కానర్‌తో గేర్లను సరైన స్థితికి తేవాలి, క్లచ్ లీవర్లను పక్కకు తప్పించాలి. పిన్నులను చేత్తో ముట్టుకోకూడదు, స్టాటిక్ కరెంటుకు బోర్డు పోతుంది. బిగించాక బేసిక్ సెట్టింగ్ తప్పనిసరి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో యూనిట్ కొత్తగా నేర్చుకునేది అప్పుడే. అది జరుగుతున్నంతసేపూ బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచాలి. ఇదంతా చేయగల స్కానర్ ఉందా అని మెకానిక్‌ని ముందే అడగండి. తటపటాయించాడంటే బండి అక్కడ వదలకండి. మెకట్రానిక్స్ ఆయిల్, గేర్ ఆయిల్ వేర్వేరు, బిల్లులో రెండూ రాశారో లేదో చూసుకోండి.