కందులు, సైకిలు, మా అబూసా

ప్రశ్న: మిషనరీగా ఆఫ్రికా వెళ్లినవాళ్లకి అక్కడి పల్లెటూరి పాస్టర్లతో నిజంగా స్నేహం కుదురుతుందా, లేక ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు లెక్కేనా?

కుదురుతుందండీ. కాకపోతే మీ చెయ్యి జేబులోకి పోతున్నన్నాళ్లూ కుదరదు. ఎవరేమన్నా నా మాట ఇదే.

ముందు ఈ "ఆఫ్రికా" అనడం మానండి బాబూ, అదేదో మన పక్క మండలం అయినట్టు. నేనున్నది మలావి, దాని దక్షిణాన ఫలోంబే అనే జిల్లా, పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ములాంజే కొండ. మాది ప్రకాశం జిల్లా, 2015లో వెళ్లి నాలుగేళ్లున్నా. అక్కడ పాస్టర్‌ని "అబూసా" అంటారు, కాపరి అని అర్థం, మన సంఘాల్లో అయ్యగారు అన్నట్టు. మా అబూసా చేతికింద ఐదు ప్రార్థనా మందిరాలు, ఒక పాత సైకిలు, జీతం అంటే కానుకల్లో ఏదన్నా మిగిలితే అది, అందులో సగంసార్లు మొక్కజొన్నలే. ఆదివారం వాక్యం, మిగతా రోజులు పొలం.

మొదటి రెండేళ్లు మేం స్నేహితులం కాదు, నేనే అనుకున్నా అయ్యామని. టార్చిలైటు కొనిచ్చా, బైబిళ్లు తెప్పించా, ఆయన రెండు చేతులూ చాచి "జికోమో", అంటే థాంక్స్, అని తీసుకునేవాడు, నన్ను కూడా అబూసా అనే పిలిచేవాడు, మర్యాదంతా మర్యాదే. రెండు వారాలకి వచ్చి అందరూ ఒకే రంగు టీషర్టులేసుకుని పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగి పోయే బ్యాచ్‌లుంటాయి చూడండి, నేను వాళ్లకంటే గొప్ప అనుకునేవాడిని. పెద్ద తేడా ఏం లేదు, నేను కాస్త ఎక్కువ రోజులున్నా అంతే.

2017 ఆగస్టులో కందుల గొడవ వచ్చింది. అవును, మన కందులే. అక్కడ "నందోలో" అంటారు, ఆ జిల్లాలో మొక్కజొన్న చేలో కలిపి వేస్తారు, వాటిని ఎక్కువగా కొనేది మన దేశమే. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 అయి గోలగోల అయ్యింది గుర్తుందా, ఆ రేటు చూసి అక్కడివాళ్లూ వేశారు, ఇక్కడివాళ్లూ వేశారు, ఇక్కడ పంట విరగపండింది, దాంతో మన ప్రభుత్వం ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి దిగుమతి వద్దని పరిమితి పెట్టేసింది. పక్కనే ఉన్న మొజాంబిక్‌కి ముందే ఒప్పందం ఉంది కాబట్టి దానికి మినహాయింపు, మలావికి లేదు. (2021లో ఏడాదికి 50 వేల టన్నులు కొంటామని రాసుకున్నారు, అప్పటికి ఎవరి బతుకు ఎటు పోయిందో.) తప్పంతా ఢిల్లీదే అని కూడా అనలేను, ఎందుకంటే అదే ఏడాది మా బావ మద్దతు ధర క్వింటాలుకి 5050 ఉండగా అంతకంటే బాగా తక్కువకి కందులు అమ్ముకుని ఫోన్లో ఏడ్చాడు. ఆ చివర మా అబూసా, ఈ చివర మా బావ, మునిగింది ఈ ఇద్దరే, మధ్యలోవాళ్లెవరూ మునగలేదు, అదే నా మంట.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మామిడిచెట్టు కింద సంఘ పెద్దలు నన్ను చుట్టూ కూర్చోబెట్టారు. అక్కడ ఇండియావాళ్లని "అమ్వెన్యే" అంటారు. మీ అమ్వెన్యే తినడం మానేశారా, ఎందుకు కొనట్లేదు, అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. అబూసా లేచి, ఈయన దుకాణదారు కాదు, ఈయన్ని అడిగి లాభం లేదు అని వాళ్లని పంపేశాడు. ఆయన ఇంట్లోనే ఏడు బస్తాలు మూలుగుతున్నాయని నాకు తర్వాత తెలిసింది. కూతురు సెప్టెంబరులో సెకండరీలో చేరాలి, ప్రైమరీ 1994 నుంచి ఫ్రీ గానీ సెకండరీకి అప్పట్లో ఫీజు కట్టాలి. నేను కడతా అన్నా. "నువ్వు నా పిల్లకి కడితే, ఇళ్లల్లో బస్తాలు మిగిలిపోయినవాళ్ల ముందు వచ్చే ఆదివారం నేను ఏం చెప్పను?" అన్నాడు. నాకు కోపమొచ్చింది, నిజం చెప్తున్నా, ఇస్తుంటే వద్దంటాడేంటి అని.

తర్వాత ఆయనే, అసలు మీరు వీటిని ఎలా తింటారో చేసి చూపించు అన్నాడు. అక్కడ పొట్టుతోనే గింజలు ఉడకబెట్టుకుంటారు. నేను కందులు వేయించి, వాళ్ల రాతి మీద బద్దలు చేసి, వాళ్లావిడ చేట తీసుకుని చెరిగా, సగం నేలపాలు. మూడు రాళ్ల పొయ్యి మీద పప్పు, చింతపండు పులుసు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాలింపు. వాళ్లావిడ పొట్టు కుప్ప వైపు చూసి, "ఇంత పారేసుకుంటే మీకు కొరత రాదా మరి" అంది. దాన్ని న్సిమాతో తిన్నాం, అంటే మొక్కజొన్న పిండి సంకటి అనుకోండి. అబూసా మూడుసార్లు వేయించుకున్నాడు. ఆ రాత్రే మొదటిసారి నన్ను "అచిమ్వేనే" అన్నాడు, అన్నదమ్ముల్ని పిలిచే మాట.

రెండు వారాలకి చూస్తే సైకిలు లేదు. ఫీజుకి అమ్మేశాడు. నా మోటార్‌సైకిల్ ఎక్కమంటే కొన్నిసార్లు ఎక్కేవాడు, కొన్నిసార్లు నన్నే దిగి నడవమనేవాడు. నడిస్తే తొమ్మిది కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టేది, ఎందుకంటే ప్రతి ఇంటి ముందూ ఆగి "ఓడీ!" అని కేకేస్తాడు, లోపల్నించి పలుకుతారు, ఇక మొదలు, దగ్గు తగ్గిందా, మేక ఈనిందా, పెద్దోడు బ్లాంటైర్ సిటీ నుంచి ఫోన్ చేశాడా. ఆ ఇళ్ల ముందు నుంచి నేను రెండేళ్లు బండి మీద దుమ్ము లేపుకుంటూ పోయా, ఒక్కరి పేరు కూడా తెలీదు.

ఒకరోజు ఒక ముసలావిడ పాత గుడ్డలో కందులు మూటకట్టి అబూసా చేతిలో పెట్టింది. ఆయన రెండు చేతులతో తీసుకుని, పది అడుగులేశాక నా సంచిలో పడేశాడు. "పట్టు అచిమ్వేనే, ఇండియాకి ఎగుమతి మొదలైంది" అన్నాడు.