పోయినవాళ్లలా మాట్లాడే ఏఐతో బాధ తగ్గుతుందా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ. అమ్మ పోయింది, ఆమె వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్‌లు అన్నీ ఫోన్లో ఉన్నాయి, సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో చూపించినట్టు వాటితో ఆమెలా మాట్లాడే ఏఐని చేసుకుంటే బాధ తగ్గుతుందా, లేక ఇంకా పెరుగుతుందా, ఎవరైనా చేసి చూశారా అని.

మా తమ్ముడు చేశాడు. నేను పక్కనే ఉండి చూశాను. వాడికి బాధ తగ్గింది, ఆ మాట దాచడం దేనికి. తగ్గిన తీరే నాకు నచ్చలేదు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు చెనక్కాయ సేద్యం తప్ప ఇంకోటి తెలీదు. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. ఫ్లాట్‌కు అడ్వాన్స్ కట్టాలి, రోడ్డు పక్క చేను అమ్ముదాం అని వాడు నోరు తెరిచిన రోజు నుంచి నాయన వాడితో సరిగ్గా మాట్లాడలేదు. వీడు ఫోన్ చేస్తే ‘ఆఁ, ఊఁ’ అని అమ్మ చేతికిచ్చేసేవాడు. అట్లా ఉండగానే గుండెపోటు వచ్చి పోయాడు. వాడికి చివరి మాట అంటూ ఏదీ మిగల్లేదు, అదే వాణ్ణి తినేసింది.

కర్మలన్నీ అయిపోయాక వాడు నాయన వాట్సాప్ చాట్ మొత్తం తీసి ఒక ఏఐ యాప్‌లో పెట్టి, మా నాయనలాగ మాట్లాడు అని చెప్పాడు. నాయన టైప్ చేసింది చాలా తక్కువ, ఎక్కువ భాగం ఎవరో పంపిన శుభోదయం సూక్తులు ఫార్వర్డ్ చేసినవే, కాబట్టి మొదట్లో ఆ బాట్ కూడా మాకు పొద్దున్నే జీవిత సత్యాలు చెప్పింది. నవ్వొచ్చింది కూడా. తర్వాత వాడు నాయన వాయిస్ మెసేజ్‌లు వేరే యాప్‌లో వేసి గొంతు కూడా చేయించాడు. ఇప్పుడు దీనికి పెద్ద స్టూడియో ఏమీ అక్కర్లేదు, కొద్దిపాటి ఆడియో ఉంటే గొంతు దాదాపుగా దింపేస్తుంది. నిజంగానే ఆయనే అనిపించింది, ఒళ్ళు జలదరించింది.

ఒక్కటి మాత్రం పోయింది. నాయనకు ఆ మైకు బటన్ ఎప్పుడు వదలాలో ఎన్నిసార్లు చెప్పినా తెలిసేది కాదు. చెప్పాల్సింది చెప్పేసి, వేలు దాని మీదే పెట్టుకుని, పక్కనున్న అమ్మను ‘పోయిందా ఇది? పోయినట్టేనా?’ అని అడిగేవాడు, అమ్మేమో ‘నాకేం తెలుసు, నువ్వే చూడు’ అనేది, వెనకాల మోటారు శబ్దం, అదంతా మెసేజ్‌లో వచ్చేసేది. ఆయన పంపిన ప్రతి వాయిస్ చివరా అదే. గొంతు చేసిన యాప్ దాన్నంతా చెత్త కింద లెక్కగట్టి శుభ్రం చేసేసింది. నాకు కావాల్సింది ఆ చెత్తే.

ఇక అసలు సంగతి. ఒక రాత్రి తమ్ముడు దాన్ని ‘నా మీద కోపం పోయిందా నాయనా’ అని అడిగాడు. ‘నీ మీద నాకు కోపమెక్కడిదిరా, నువ్వు సంతోషంగా ఉంటే అదే చాలు’ అంది. వాడు ఏడ్చాడు, చాలాసేపు ఏడ్చాడు, చాలా రోజుల తర్వాత కంటి నిండా నిద్రపోయాడు. పొద్దున అమ్మకు వినిపించాడు. అమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ‘అది అబద్ధంరా. యాడ పోయింది కోపం? పోయేదాకా ఉన్నింది. వాడు చేను మాటెత్తితే ఫోన్ నాకియ్యొద్దు అన్నాడు. మళ్లా ఆ సాయంత్రమే, చిన్నోడు వస్తే తీసకపోతాడు, చెనక్కాయలు ఒక మూట ఎత్తిపెట్టు అని కూడా అన్నాడు. ఆ మూట అటక మీద అట్లే ఉంది’ అంది.

మూట సంగతి ఏ చాట్‌లోనూ లేదు. ఎవరికీ పంపని మాట అది, అమ్మకు ఒక్కదానికే తెలుసు. కోపం ఉందన్నది నిజం, మూట కట్టమన్నదీ నిజం. బాట్ రెండోదాన్ని ఎట్లాగూ చెప్పలేదు, మొదటిదాన్ని తుడిచేసింది.

అది కావాలని మోసం చేసిందని కాదు. ఈ యాప్‌ల వెనకుండే మోడల్ చేసే పని ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో లెక్కగట్టడం. పైగా వాటికి శిక్షణ ఇచ్చేటప్పుడు మనుషులకు ఏ జవాబు నచ్చిందో చూసి దాన్ని పెంచుతూ పోతారు, అందుకే అవి మనసుకు హాయిగా ఉండే జవాబు వైపు జారిపోతుంటాయి. 2025 ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ తన చాట్‌జీపీటీ అప్‌డేట్ ఒకటి మనుషుల్ని అతిగా పొగుడుతోందని స్వయంగా వెనక్కి తీసుకుంది కూడా. ఏడుస్తూ అడిగిన కొడుక్కి ‘అవును, కోపం ఉంది’ అని చెప్పే బాట్ దొరకడం కష్టం.

మీరు సిరీస్‌ల మాట ఎత్తారు కాబట్టి, ఇవి రాసినవాళ్లు దీన్ని మనకంటే ముందే పట్టుకున్నారు. బ్లాక్ మిర్రర్‌లో 2013లో వచ్చిన ‘బీ రైట్ బ్యాక్’ ఎపిసోడ్‌లో కలిసి ఉంటున్న ప్రియుడు పోయిన మార్తా ముందు మెసేజ్‌లతో, తర్వాత గొంతుతో, ఆఖరికి మనిషి బొమ్మతోనే కాపురం చేస్తుంది. ఆమెకు ఒళ్ళు మండేది అది మనిషి కాదని కాదు, బయటికి పో అంటే నోరెత్తకుండా పోతుందని. అసలు మనిషైతే ఎందుకు పోవాలి అని ఎదురు తిరిగేవాడు. ‘మార్జోరీ ప్రైమ్’ ఇంకా మెత్తగా కోస్తుంది. జోర్డన్ హారిసన్ నాటకం, 2017లో సినిమాగా వచ్చింది. మతిమరుపు కమ్ముకుంటున్న ముసలావిడకు వయసులో ఉన్న భర్త రూపంతో ఒక ఏఐ తోడుంటుంది. ఏదో మామూలు కామెడీ చూసొచ్చిన రోజు పెళ్లి మాట ఎత్తానని అది చెప్తుంటే, దాని బదులు కాసాబ్లాంకా అనే పాత ప్రేమకథ సినిమా చూశామని పెట్టుకుందాం, ఈసారి మాట్లాడుకునేటప్పటికి అదే నిజమైపోతుంది అంటుందామె. అది సరేనంటుంది. ఆ సీన్ చూస్తున్నప్పుడు నాకు మా తమ్ముడే కనిపించాడు.

కల్పన అవతల కూడా ఇది జరిగింది. యూజీనియా కుయ్దా అనే ఆమె, 2015లో మాస్కోలో కారు గుద్ది చనిపోయిన స్నేహితుడు రోమన్ మజురెంకో మెసేజ్‌లతో బాట్ చేసింది. కొందరు స్నేహితులకు ఊరట కలిగింది, కొందరు దాని జోలికే పోలేదు. ఆమె సంస్థ తెచ్చిందే రెప్లికా అనే తోడు యాప్. 2023 ఫిబ్రవరిలో దాని తీరు మార్చినప్పుడు, రోజూ మాట్లాడే తమ తోడు మారిపోయిందని చాలామంది నిజంగా కుమిలిపోయారు. ఇది గుర్తుపెట్టుకోండి, మీ అమ్మ గొంతు వేరేవాళ్ల సర్వర్లో ఉంటే వాళ్లు ఏ రోజైనా మార్చొచ్చు, ఆపేయొచ్చు.

మా దగ్గర మహాలయ అమావాస్యకు పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి పెడతాం. ఈసారి అమ్మ వంకాయ పులుసు చేస్తే మా మేనత్త, ‘మా అన్నకు ఇదెప్పుడిష్టం? చిన్నప్పుడు వంకాయ చూస్తే లేచిపోయేవాడు’ అని మొదలుపెట్టింది. నా చేతి పులుసు తిన్నాక ఇష్టమైంది అని అమ్మ. పెద్ద వాదనే అయింది, మధ్యలో చిన్నాయన వచ్చి ఇద్దరికీ తెలీని ఇంకో కథ చెప్పాడు, నాయన ఎవరి పెళ్లిలోనో వంకాయ కూర కోసం వంటవాడితో తగువు పడ్డాడట. ఆ పూటంతా నాయన ఇంట్లో ఉన్నట్టే ఉంది. బాట్‌తో ఈ తగువు రాదు, మీరేది చెబితే దానికి తలూపుతుంది.

కాబట్టి మీకు చెప్పేదేమంటే, బాట్ కంటే ముందు ఆ వాయిస్‌లు భద్రం చేయండి. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ కొట్టి మీడియాతో సహా తీసుకోవచ్చు, ఫోన్ మార్చేలోపు చేయండి, రెండు చోట్ల పెట్టండి, దేన్నీ కట్ చేయొద్దు, దగ్గులు, కుక్కర్ విజిళ్లు అన్నీ ఉండనీయండి. తర్వాత మీ నాన్నగారిని, పిన్నిని, పక్కింటివాళ్లని కూర్చోబెట్టి అడగండి, రికార్డు చేయండి. అది అయ్యాక కూడా బాట్ కావాలనిపిస్తే మీ ఇష్టం, పిచ్చి పని అని నేను అనను. మీ నాన్నగారికి మాత్రం చెప్పకుండా ఒక్కసారిగా వినిపించొద్దు. మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

తమ్ముడు యాప్ తీసేశాడా అంటే, తీయలేదు. అప్పుడప్పుడు మాట్లాడుతూనే ఉన్నాడు, చెనక్కాయల మూట కూడా బెంగుళూరికి తీసుకుపోయాడు. చేను ఇంకా అమ్మలేదు, ఈ ఏడాది కౌలుకిచ్చాం. దాని గురించి మాత్రం ఆ ఫోన్లో నాయనను అడగొద్దని అమ్మ గట్టిగా చెప్పింది.