బయో అడిగితే బయోడేటా పంపకండి

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. అమెరికాలో ఉద్యోగంలో చేరి పది రోజులైంది. టీమ్ పేజీలో పెట్టడానికి ‘షార్ట్ బయో’ పంపమని మేనేజర్ మెయిల్ పెట్టారు. ఇంటి దగ్గర చేయించుకున్న బయోడేటా ఉంది. అది పంపేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. మన బయోడేటా పెళ్లి సంబంధానికైనా ఉద్యోగానికైనా ఒకటే వరస: తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పదో తరగతి మార్కులు, అడుగున ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’. శ్రీకాకుళంలో బస్సెక్కితే పక్క సీటాయన అడిగే ‘ఎవరి తాలూకా?’ (అంటే ఎవరి మనిషివి) అన్న ప్రశ్నకి జవాబు అది. ఇక్కడ బయో అంటే మీ పని గురించి నాలుగైదు వాక్యాల పరిచయం. అది చదివేవాళ్లకి మీరు ఎవరి తాలూకా అన్నది అక్కర్లేదు, ఏ పని పడితే మీ దగ్గరికి రావాలో తెలిస్తే చాలు.

కాబట్టి వయసు, మతం, పెళ్లి, తండ్రి పేరు తీసేయండి. మతం, పుట్టిన దేశం చూసి ఉద్యోగుల మధ్య తేడా చూపకూడదని 1964 నాటి అమెరికా పౌరహక్కుల చట్టం చెబుతోంది. అడగకుండా ఆ వివరాలు చేతిలో పెడితే ఇబ్బంది పడేది హెచ్‌ఆర్ వాళ్లే. పైగా పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు నలుగురికీ కనబడితే దొంగలకి పని సులువు.

ముందు ఎన్ని పదాలో అడగండి. చెప్పకపోతే యాభై, అరవై. సభలో మాట్లాడేటప్పుడు వంద దాకా అడుగుతారు. లింక్డిన్‌లో పేరు కింద వచ్చే లైనుకి 220 అక్షరాలే పడతాయి, ఎక్స్ (పాత ట్విట్టర్) బయోలో 160. టీమ్ పేజీకి, సభకి వేరెవరో మీ గురించి చెబుతున్నట్టు ‘ఆయన’, ‘ఆమె’ అని రాస్తారు. లింక్డిన్‌లోనూ పరిచయం మెయిల్లోనూ ‘నేను’ అనే రాసుకోవాలి. ఒకే బయోలో రెండూ కలిపేయడం అందరూ చేసే తప్పు.

తెలుగులో చెబితే దాని వాలకం ఇలా ఉంటుంది:

‘ఫలానా మా టీమ్‌లో డేటా ఇంజినీర్. ఆసుపత్రి బిల్లుల్లో ఒకే పద్దు రెండుసార్లు పడితే పట్టుకునే ప్రోగ్రాములు రాస్తారు. అంతకుముందు మూడేళ్లు విశాఖపట్నంలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీద పనిచేశారు. స్వస్థలం భారతదేశపు తూర్పు తీరంలోని శ్రీకాకుళం జిల్లా. ఆదివారం క్రికెట్ ఆడతారు.’

రెండో వాక్యమే ప్రాణం. ‘కష్టపడి పనిచేసే, అంకితభావం గల’ అన్న మాటలు ఎవరైనా రాసుకుంటారు, ఎవరూ చదవరు. ఊరు గురించి ఒక ముక్క చాలు, కానీ గుర్తుండేది వేయండి. పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని రాస్తే లంచ్‌లో ఎవరో ఒకరు అదేంటని అడక్క మానరు.

ఇంగ్లీషులో మన అలవాట్లు కొన్ని బెడిసికొడతాయి. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే ఇక్కడివాళ్లకి కళ్లు తిరిగి పడిపోయారని అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘సిన్స్ టూ ఇయర్స్’ కాదు, ‘ఫర్ టూ ఇయర్స్’.

పేరు దగ్గర ఇంకో తిరకాసు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి రెండో గడి ఖాళీగా ఉంటే వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. అది ఆఫీసు రికార్డులోకి కూడా ఎక్కి, నలుగురూ మిమ్మల్ని ‘ఫ్నూ’ అనేస్తారు. బయోలో మిమ్మల్ని పిలవాల్సిన పేరే రాయండి. పైడిరాజు, అప్పలనర్సమ్మ లాంటివైతే పక్కనే పై-డి-రా-జు అని విడదీసి ఇవ్వండి.

పంపే ముందు ఉద్యోగాల తేదీలు సరిచూసుకోండి. 2019 నుంచి అమెరికా వీసా ఫారం డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారు. ఆ ఖాతాల బయోలో ఒక హోదా, ఫారంలో ఇంకోటి ఉంటే వీసా స్టాంపింగ్‌కి కాన్సులేట్‌కి వెళ్లినప్పుడు కిటికీ దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు.