బైక్ పెట్రోల్ ట్యాంకు ఇంట్లోనే విప్పొచ్చా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ సొంతంగా చూసుకోవాలని ఉంది, దానికి ట్యాంకు దింపాలంటున్నారు, పెట్రోల్ వ్యవహారం కాబట్టి భయంగా ఉంది అని అడిగారు. నిక్షేపంగా విప్పొచ్చండి. ముందు కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే పాత పద్ధతి) బండికి, ఇప్పుడు ఫ్యూయల్ ఇంజెక్షన్ (పంపు ఒత్తిడితో పెట్రోల్ చిమ్మే కొత్త పద్ధతి) బండికి చాలాసార్లు నేనే విప్పాను. బోల్టులు విప్పడం పది నిమిషాల పని. దానికి ముందు చేసే ఏర్పాట్లకే ఎక్కువ టైం పడుతుంది, పట్టనివ్వండి.

మొదట చోటు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి తేలిపోదు, నేలబారుగా పాకుతూ పోయి పల్లంలో చేరుతుంది. దాదాపు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పంటుకునేంత ఆవిరి వదులుతుంది. కాబట్టి సెల్లార్, తలుపులు మూసిన షెడ్డు వద్దే వద్దు. ఆరుబయట, నీడలో పెట్టుకోండి. దగ్గర్లో స్టవ్, గీజర్, నీళ్ల మోటార్, ఫ్రిజ్ ఏవీ ఉండకూడదు. ఫ్రిజ్ ఏం చేస్తుందనుకోకండి, దాని మోటార్ ఆన్ అయినప్పుడు లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పక్కన మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి ఉంచుకోండి, లేదంటే కనీసం ఒక బకెట్ పొడి ఇసుక. మంటపై నీళ్లు పోస్తే పెట్రోల్ నీటి మీద తేలుతూ ఇంకా పాకుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. సైలెన్సర్ మీద చేయి పెట్టగలిగితే చాలదు, తిరిగొచ్చాక కనీసం రెండు మూడు గంటలు వదిలేయండి. ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా పాత బండికి వాక్యూమ్ పెట్రోల్ కాక్, అంటే ఇంజిన్ పీల్చినప్పుడే తెరుచుకునే పెట్రోల్ కుళాయి, ఉండేది. దానికి ఆఫ్ అనేదే ఉండదు. ఇంజిన్ ఆగితే దానంతట అదే మూసుకోవాలి. ఆ ధీమాతోనే పైపు లాగేశాను. లోపలి డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) పాడైపోయి ఉందని నాకు తెలియదు. సన్నటి ధార నేరుగా ఇంజిన్ సిలిండర్ ఫిన్నుల (చల్లబడటానికి ఉండే రేకుల) మీద పడింది. బండి ముందు రోజు రాత్రి నుంచి ఆపి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. వేలితో రంధ్రం మూసి, ఇంట్లో వాళ్లని కేకేసి డబ్బా తెప్పించుకున్న ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. అప్పటి నుంచి కాక్ ఏ రకమైనా సరే, పైపు లాగే ముందే కింద డబ్బా పెడతాను.

పెట్రోల్ బాగా తగ్గాక ఈ పని పెట్టుకోవడం అన్నిటికంటే తెలివైన పద్ధతి. లీటరు పెట్రోల్ దాదాపు ముప్పావు కిలో తూగుతుంది. 12 లీటర్లు నిండి ఉంటే పెట్రోలే 9 కిలోలు. పైగా ఎత్తేటప్పుడు అది లోపల అటూ ఇటూ ఊగి చేయి జారుతుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే పెట్రోల్ కోసం చేసిన డబ్బాలోకే తీయండి, నీళ్ల బాటిళ్లలోకి వద్దు. డబ్బాను నేల మీద పెట్టే నింపండి. పైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మాత్రం దయచేసి చేయకండి. గుటక కడుపులోకి పోయినా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. చేత్తో నొక్కే పంపు వాడండి.

ఇంజెక్షన్ బండి అయితే ఇంకో పని ఉంది. పైపులో పెట్రోల్ సుమారు 3 బార్ ఒత్తిడితో ఉంటుంది, కారు టైరులో గాలి కంటే ఎక్కువే. అలాగే విప్పితే కళ్లలోకి చిమ్ముతుంది. అందుకని ముందు ఫ్యూయల్ పంపు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) గానీ ఫ్యూజ్ గానీ తీసేసి బండి స్టార్ట్ చేయండి. పైపులో మిగిలింది కాలిపోయి కొద్ది సెకన్లలో అదే ఆగిపోతుంది. ఇంకోసారి స్టార్టర్ నొక్కి, కీ ఆఫ్ చేసి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. బ్యాటరీ ముందే తీసేస్తే ప్రెషర్ వదిలే దారి ఉండదు. ఇక్కడే చాలామంది వరస తప్పుతారు. పైపు విప్పేటప్పుడు కూడా చుట్టూ గుడ్డ కప్పి పట్టుకోండి, కొంచెమైనా కారుతుంది. కార్బురేటర్ బండికి బ్యాటరీ నెగటివ్ తీసి, కాక్ ఆఫ్ చేసి, క్లిప్ వెనక్కి జరిపి పైపు తీస్తే చాలు. పైపు ఎండిపోయి బిగుసుకుంటే గట్టిగా లాగకండి, ప్లయర్‌తో మెల్లగా తిప్పి వదులు చేయండి. పగుళ్లు కనిపిస్తే కొత్తది వేయండి.

తర్వాత సీటు, సైడ్ కవర్లు తీస్తే చాలా బళ్లకు ట్యాంకు వెనక ఒకటో రెండో బోల్టులు కనిపిస్తాయి. ముందు వైపు రెండు రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది. బోల్టుతో వచ్చే వాషర్, రబ్బరు, లోపలి ఇనుప గొట్టం ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. హ్యాండిల్ తగిలి రంగు పోకుండా పాత టవల్ చుట్టండి. ఇక ఒక్కసారిగా ఎత్తేయకండి. వెనక వైపు నాలుగు వేళ్లంత లేపి, కింద చెక్క ముక్క పెట్టి లోపలికి టార్చ్ వేసి చూడండి. ఫ్యూయల్ గేజ్ కప్లర్, ట్యాంకులోకి గాలి వెళ్లే బ్రీదర్ పైపు, మూత దగ్గర పడిన నీళ్లు దిగే పైపు అక్కడే ఉంటాయి. అన్నీ తీశాక వెనక్కి లాగుతూ పైకి ఎత్తితే ముందు బుష్‌ల నుంచి జారి వస్తుంది. దింపిన ట్యాంకును ఎండలో పెట్టకండి, పిల్లలు తిరిగే చోటా పెట్టకండి.

బిగించేటప్పుడు బ్రీదర్ పైపును రెండుసార్లు చూడండి. ఒకసారి అది నా బండిలో ట్యాంకు కింద మడతపడింది. బండి బాగానే స్టార్ట్ అయ్యేది, కొంత దూరం పోయాక ఆగిపోయేది. కాసేపు ఆగితే మళ్లీ నడిచేది. రెండు రోజులు ప్లగ్‌నీ కార్బురేటర్‌నీ అనుమానించాను. చివరికి దారిలో ట్యాంకు మూత తీస్తే గాలి 'సుయ్'మని లోపలికి లాక్కుంది. పెట్రోల్ తగ్గిన కొద్దీ లోపలికి గాలి రావాలి, ఆ దారే మూసుకుపోయింది. మడత తీశాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఇంజెక్షన్ బండికి తీసిన పంపు కప్లర్ గానీ ఫ్యూజ్ గానీ తిరిగి పెట్టి, బ్యాటరీ నెగటివ్ చివర్లో పెట్టండి. వెంటనే స్టార్ట్ చేయొద్దు. కార్బురేటర్ బండి అయితే కాక్ ఆన్ చేసి, ఇంజెక్షన్ బండి అయితే కీ రెండు మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి పంపు శబ్దం ఆగే దాకా ఉండి, పైపు జాయింట్ల చుట్టూ టిష్యూ పేపర్‌తో ఒత్తి చూడండి. ఐదు నిమిషాల తర్వాత ఇంకోసారి ఒత్తండి. రెండుసార్లూ పేపర్ పొడిగా ఉంటేనే సెల్ఫ్ కొట్టండి.